నాగేశ్వర్ సేటు నడుము చప్పుడు

మా ఆర్మూర్‌లో నాగేశ్వర్ సేటు పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచాడంటే, అది ఏ ఊరి చెలకలో పండిందో, ఎన్ని రోజులు ఎండిందో, దాన్ని ఉడకబెట్టిన నాడు ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుంటున్నారో లేదో కూడా చెప్పేస్తాడు.

సరే, మొగుడూ పెళ్లాల సంగతి నేను కలిపాను. ఊరి పేరు కూడా పదిసార్లలో నాలుగుసార్లు తప్పుతాడు. నేను చదివిన కాన్వెంట్‌లో అబద్ధం చెబితే సిస్టర్లు అరచేతి మీద స్కేలుతో కొట్టేవారు, నా అరచేతులు ఇప్పటికీ గట్టిగా ఉంటాయి. కానీ కొమ్ము ఎంత ఎండిందన్న దగ్గర సేటును తప్పు పట్టినవాడు లేడు. అది నేను కలిపింది కాదు.

పసుపును తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోస్తారు. బాగా ఎండిన కొమ్మును విరిస్తే టక్‌మని మోగుతుంది, ఇనుప చువ్వ మీద గోటితో కొట్టినట్టు. తేమ ఉన్న కొమ్ము మెత్తగా, ఇష్టం లేనట్టు విరుగుతుంది. తేమను బట్టే ధర. సేటుది కమీషన్ దుకాణం. రైతు తెచ్చిన పసుపును కొనేవాళ్లకు చూపించి అమ్మిపెడతాడు. ఆయన పద్ధతి ఒకటే. కుప్ప పైనుంచి ఒక కొమ్ము, నడిమి నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి, రైతు ఎదురుగానే కళ్లు మూసుకుని మూడూ విరుస్తాడు. తర్వాత ఒక అంకె చెబుతాడు. ఆ అంకె మీదే బేరం నడుస్తుంది. ముప్పై ఏళ్లుగా అంతే.

ఈ మధ్య మార్కెట్ యార్డులోకి తేమ కొలిచే మిషన్లు వచ్చాయి. ఒకసారి ముప్కాల్ రాజన్న పసుపుకు పక్క దుకాణం శేఖర్ మిషన్ పదమూడు శాతం చూపించింది. రాజన్న సంచి భుజాన వేసుకుని సేటు దగ్గరికి వచ్చాడు. సేటు మూడు కొమ్ములూ విరిచి, "పది. పది మీద జరంత" అన్నాడు. మళ్లీ పెట్టి చూస్తే శేఖర్ మిషన్ పది పాయింట్ మూడు అంది.

"సెల్లు మార్చుకో శేఖర్" అన్నాడు రాజన్న. "సేటు చెవికి సెల్లు అక్కర్లేదు."

ఆ రోజు యార్డంతా నవ్వింది. సేటు నవ్వలేదు. "నా చెవి తప్పిననాడు నేనే షట్టర్ దించుత" అన్నాడు. ఆయనకు అది హాస్యం కాదు.

అలాంటి మనిషికి కిందటి ఎండాకాలం, పసుపు వరదలా వచ్చే రోజుల్లో, నడుము పట్టేసింది. బస్తా ఎత్తి కాదు. వంగి చెప్పు తొడుక్కోబోయి. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. హమాలీలు ఆయన్ని బస్తాను పట్టినట్టు నాలుగు వైపులా పట్టి నా కారులో పడుకోబెట్టారు. నేను ఆయనకు దూరపు వరసలో మామను. ఇంటికి ఎదురిల్లు. కారున్న ముసలాడిని కాబట్టి ఊళ్లో అందరి దవాఖాన ప్రయాణాలూ నా నెత్తినే.

శ్రవణ్‌కుమార్ మా ఊరి ఎముకల డాక్టర్. మంచివాడు. తక్కువ మాట్లాడతాడు. కాళ్లలో తిమ్మిరి ఉందా, మూత్రం సరిగ్గా వస్తోందా, జ్వరం ఉందా అని అడిగాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. పడుకోబెట్టి కాళ్లు ఒక్కొక్కటిగా ఎత్తించాడు.

"ఏం లేదు సేటు. కండరం పట్టింది. రెండు మూడు రోజులకు నొప్పి గోలీలు ఇస్తున్న. మంచం మీద ఉండొద్దు. పొద్దుమాపు నడువుండ్రి. ఆరు వారాలల్ల పోతది."

"ఎమ్మారై?"

"అక్కర్లే."

"సూది?"

"అక్కర్లే."

"నడుముకు పట్టీ?"

"వద్దు."

"మరి మీరేం జేస్తరు డాక్టర్ సాబ్?"

"నేనేం జెయ్యకపోవుడే మీకు మంచిది" అన్నాడు డాక్టర్, కంప్యూటర్‌లో ఏదో కొడుతూ.

అది నిజాయితీ గల మాట. కానీ ఆ మాట అనేటప్పుడు డాక్టర్ కంప్యూటర్ వైపు చూస్తున్నాడు. కారులో వెనక సీటు మీద అడ్డంగా పడుకున్న సేటు ఇంటిదాకా అదే తలుచుకున్నాడు.

"మూడు నిమిషాలు మామా. నడుము మీద చెయ్యి గూడ వెయ్యలే. కొమ్ము పట్టకుండనే ధర చెప్పినట్టుంది."

ఆ మర్నాడు చూడ్డానికి వచ్చిన శేఖర్ ఫోన్లో ఒక వీడియో చూపించాడు. కైరోప్రాక్టిక్ అట. బల్ల మీద మనిషిని బోర్లా పడుకోబెట్టి, వెన్నుపూస మీద అరచేయి ఆనించి ఒక్కసారి నొక్కుతారు. లోపలి నుంచి చప్పుడు వస్తుంది. ఆ మనిషి లేచి నవ్వుతాడు. సేటు ఆ వీడియోను చూడలేదు. కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆపు. మల్ల పెట్టు."

శేఖర్ మళ్లీ పెట్టాడు.

"తొమ్మిది శాతం" అన్నాడు సేటు, నొప్పిలోనూ మొహం విచ్చుకుని. "గింత ఎండిన సరుకు ఈ ఏడు మన యార్డుకు రాలే. మామా, గీ వైద్యం నికార్సైనది."

అదిగో, అక్కడే జరిగింది పొరపాటు. చప్పుడు బాగుంటే సరుకు బాగున్నట్టు. ముప్పై ఏళ్లు అదే నమ్మి బతికినవాడు నడుము దగ్గరికి రాగానే ఇంకోలా ఎలా ఆలోచిస్తాడు?

డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాడు. ఆయన గొంతులో విసుగు దాచుకోలేదు గాని, సమాధానం దాటవేయలేదు.

"మెడ మాత్రం ముట్టనియ్యకుండ్రి సేటు. మెడను గిర్రున తిప్పితే రక్తనాళం దెబ్బతిని పక్షవాతం వచ్చినోళ్లున్నరు. తక్కువ మందే, కానీ ఉన్నరు. నడుమంటరా, సదువుకున్నోళ్లు చేస్తే కొందరికి ఉపశమనం ఉంటది. నేను చెప్పిన నడక, కసరత్తు కంటె ఎక్కువేం గాదు. గా సప్పుడును మాత్రం నమ్మకుండ్రి. కీలు నడుమ నీళ్లుంటయి, దాంట్ల గాలి బుడగ పేలుతది. సోడా బుడ్డి లెక్క."

ఫోన్ పెట్టేశాక సేటు చాలాసేపు పైకప్పు చూశాడు. "సోడానట" అన్నాడు చివరికి.

డిచ్‌పల్లిలో హైవే పక్కన కృప అనే అమ్మాయి ఉంది. ఫిజియోథెరపీ చదివి, ఆ తర్వాత ఈ విద్య నేర్చుకుంది. సేటు భార్య భాగ్యవతి ఆ పేరు వినగానే, "ఆడపిల్ల దగ్గరకు మీరు ఒక్కరే పోతరా? నేను గూడ వస్త" అంది. అలా మేం ముగ్గురం బయలుదేరాం.

నేను ఎందుకు అబద్ధం చెప్పాలి, ఆ అమ్మాయి సేటును నలభై నిమిషాలు చూసింది. ముప్పై ఐదు అనుకోండి. ఎప్పటి నుంచి నొప్పి, ఏ పక్కకు పడుకుంటే తగ్గుతుంది, దుకాణంలో దేని మీద కూర్చుంటారు, ఎంతసేపు కూర్చుంటారు, నిద్ర పడుతోందా, అన్నీ అడిగింది. చేతి వేళ్లతో వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్క పెట్టింది. సేటు కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు. తనను అంతసేపు ఎవరో పట్టించుకున్నందుకు.

తర్వాత ఆయన్ని బోర్లా పడుకోబెట్టింది. ఆ బల్లకు మొహం పెట్టుకోవడానికి ఒక కంత ఉంటుంది. అందులోంచి నేల తప్ప ఇంకేమీ కనిపించదు. కృప నొక్కింది. ఏమీ మోగలేదు. ఇంకో పక్క నొక్కింది. అప్పుడూ అంతే.

"సప్పుడేది?" అని కంతలోంచి గొంతు.

"అందరికి రాదు అంకుల్. రాకపోయినా పని అయితది. ఇంటికి పోయి రోజు అర్ధగంట నడవాలె, నేను చెప్పే నాలుగు కసరత్తులు చెయ్యాలె. అసలు మందు గదే."

డాక్టర్ చెప్పిందీ ఈ అమ్మాయి చెప్పిందీ ఒకటే అని నాకు అక్కడే అర్థమైంది. సేటుకు మాత్రం ఒక్కటే అర్థమైంది.

"విరగలే మామా" అన్నాడు కారెక్కుతూ. "నా లోపల తేమ ఉన్నది."

ఇంటికి వచ్చి మంచమెక్కాడు. దిగలేదు. తొమ్మిది రోజులు. నడవడు, కసరత్తు చేయడు, కదిలితే నొప్పి అని కదలడు. కదలకపోయేసరికి నొప్పి ఎక్కువైంది. యార్డులో పసుపు దిగుతూనే ఉంది. రాజన్న రెండు రోజులు సేటు కోసం ఎదురుచూసి, ఎండలో బండి నిలపలేక శేఖర్ మిషన్ దగ్గరికే పోయాడు. పన్నెండున్నర వచ్చింది. ఆ సంగతి విని సేటు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"పదే ఉంటది" అన్నాడు గోడతో. "రాజన్నది ఎన్నడు పదకొండు దాటలే."

ఆ సాయంత్రం భాగ్యవతి నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమంది. వెళ్లి సూటిగా అడిగింది.

"డాక్టర్ సాబ్, మా ఆయన లేస్తడా లేవడా?"

"లేవకపోవడానికి కారణమే లేదమ్మా. నడిస్తే సాలు. మంచమే ఆయనకు రోగమైంది. మీరు ఎట్ల లేపుతరో లేపుండ్రి."

"ఎట్లనన్న లేపొచ్చా?"

"ఎట్లనన్న."

అప్పుడు ఆమె తన ఆలోచన చెప్పింది. డాక్టర్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనేం వినలే" అన్నాడు. వద్దు అని మాత్రం అనలేదు.

భాగ్యవతి కృపకు ఫోన్ చేసి అదే చెప్పింది. ఆ అమ్మాయి గొంతు మారిపోయింది.

"ఆంటీ, గది మోసం."

"నువ్వు ఒక్క అబద్ధం చెప్పొద్దు బిడ్డా. నీ పని నువ్వు చెయ్యి. నడవమని చెప్పు, కసరత్తు చెప్పు. సప్పుడు సంగతి ఆలుమగలది."

"ఆయనకు తెలిస్తే?"

"లేసి నడిచినంక తెలుస్తది గద. అప్పుడు నన్ను తిట్టనీ."

కృప సరే అనలేదు. రావద్దనీ అనలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు భాగ్యవతి చేతిసంచిలో మూడు కొమ్ములున్నాయి. బొంబాయి పార్టీకి చూపించడానికి సేటే స్వయంగా ఏరి పక్కన పెట్టిన సరుకులోవి. ఆమె పుట్టిల్లూ పసుపు ఇల్లే. పదేళ్ల వయసు నుంచి కొమ్ములు విరిచిన చేతులు. సేటు బోర్లా పడుకుని మొహం కంతలో పెట్టాడు. భాగ్యవతి ఆయన భుజం పక్కన స్టూలు మీద కూర్చుంది. కృప అరచేయి ఆనించింది, ఊపిరి వదలమంది, నొక్కింది.

టక్!

ఆ చప్పుడుకు బయట హైవే మీద పోతున్న లారీ ఆగిపోయింది. ఆగిన మాట నిజం. టీ కోసమే ఆగిందేమో నేను అడగలేదు.

"తొమ్మిది!" అని కంతలోంచి కేక. "భాగ్యా, విన్నవా? తొమ్మిది!"

"విన్న" అంది ఆమె, రెండు ముక్కలూ సంచిలో వేసుకుంటూ. కృప కిటికీ వైపు చూస్తోంది. నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు తిరగేసి పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

సేటు లేచాడు. నడుము పట్టుకుని లేచాడు గాని లేచాడు. ఆ రోజు నుంచి కృప చెప్పిన కసరత్తుల్లో ఒక్కటి తప్పలేదు. పొద్దున సిద్దులగుట్ట కమాను దాకా నడక, సాయంత్రం పెర్కిట్ చౌరస్తా దాకా నడక. వారానికోసారి డిచ్‌పల్లి, వెళ్లినప్పుడల్లా టక్. నాలుగో వారానికి దుకాణంలో తన గద్దె మీద కూర్చున్నాడు. గద్దె ఎత్తు కూడా ఆ అమ్మాయి చెప్పినంతే చేయించాడు.

ఇక ఆయన్ని పట్టలేకపోయాం. యార్డుకు వచ్చిన ప్రతి రైతునూ నడుము ఎలా ఉందని అడిగేవాడు. కొందర్ని కృప దగ్గరికి పంపాడు. రాజన్న కూడా వెళ్లి వచ్చాడు.

"నొప్పి జర తగ్గింది గని, నాకు సప్పుడు రాలే సేటు."

"నీ ఎముకలు ఎండలే రాజన్నా. ఇంకో నాలుగు రోజులు ఎండల తిరుగు."

డాక్టర్ బజారులో ఎదురైతే సేటు దారికి అడ్డం నిలబడ్డాడు. "డాక్టర్ సాబ్, సోడా బుడ్డి అన్నరు. సూడుండ్రి, ఎట్ల నిలవడ్డనో!"

"మంచిగున్నరు సేటు" అన్నాడు డాక్టర్. అని గబగబా వెళ్లిపోయాడు. అంత గొప్ప డాక్టర్ తన ముందు నోరెత్తలేకపోయాడని సేటు నాకు రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తలూపాను.

జూన్‌లో తొలి వానలు పడ్డాయి. బొంబాయి సరుకు లారీ ఎక్కి వెళ్లిపోయింది. ఏడోసారి డిచ్‌పల్లి బయలుదేరే ముందు భాగ్యవతి వంటింట్లోకి వెళ్లి డబ్బాలోంచి ఒక కొమ్ము తీసి సంచిలో వేసుకుంది. రెండు రోజులుగా ఆ డబ్బా మూత సరిగ్గా పడలేదు. గాలిలో తేమ అంతా లోపలికి వెళ్లింది. ఆమెకూ తెలిసే ఉండాలి. ఇక అలవాటైపోయిన పని కదా అనుకుంది కాబోలు.

కృప నొక్కింది. చప్పుడు వచ్చింది.

కంతలోంచి అంకె రాలేదు.

ఎంతసేపని చెప్పను? గంట అని రాయాలని ఉంది. బహుశా పది క్షణాలు. కృప చేతులు ఆయన వీపు మీదే ఆగిపోయాయి.

"భాగ్యా" అన్నాడు సేటు, మొహం కంతలోనే ఉంచి. "ఇది ఎండలే."

భాగ్యవతి సంచిని ఒళ్లోకి లాక్కుంది.

"పదమూడున్నది. వంటింటి డబ్బలదా?"

ఆయన తల ఎత్తలేదు. కుడిచేయి పక్కకు చాపి, అరచేయి తెరిచి పెట్టాడు. భాగ్యవతి సంచిలోంచి రెండు ముక్కలు తీసి ఆ చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో విరిగిన చోట తడిమాడు. తర్వాత ఎవరి సాయమూ లేకుండా, కృప నేర్పినట్టే, పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, లేచి కూర్చున్నాడు. నడుములో ఎక్కడా నొప్పి ఉన్నట్టు కనపడలేదు. అదే చూడలేకపోయాను.

"ఎన్నిసార్లు?"

"అన్నిసార్లు" అంది భాగ్యవతి.

"మొదటిసారి గూడనా? తొమ్మిది అన్న గద."

"గది బొంబాయి సరుకు."

ఆయన తలూపాడు, లెక్క సరిపోయినట్టు. నా వైపు తిరిగాడు. "మామా?" అన్నాడు. నేను నేల చూశాను. కృప వైపు తిరిగాడు. ఆ అమ్మాయి మాత్రం నేల చూడలేదు.

"నేను చెప్పవలసింది అంకుల్. చెప్పలే. తప్పు నాది గూడ."

ఆయన చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. మేం కారు తీసేసరికి హైవే మీద వంద గజాలు వెళ్లిపోయాడు. అదీ ఆర్మూర్ వైపు కాదు, ఇందల్వాయి వైపు. నేను ఆయన వెనకే మొదటి గేరులో కారు నడిపాను. లారీలు హారన్లు కొడుతూ మమ్మల్ని దాటిపోతున్నాయి. మూడు కిలోమీటర్లు అలా వెళ్లామని అందరికీ చెబుతుంటాను. ఒకటిన్నర.

భాగ్యవతి అద్దం దించి, "మనూరు ఇటు గాదు, అటు! కార్ల కూసోండ్రి" అంది. ఆయన వినలేదు. ఆమె కారు ఆపించి దిగి, చెంగు నడుముకు చుట్టుకుని ఆయన పక్కన నడవడం మొదలుపెట్టింది. అద్దం దించే ఉంది కాబట్టి నాకన్నీ వినిపించాయి.

"తిట్టుండ్రి. తిట్టకుండ గిట్ల నడిస్తె ఎట్ల?"

"ఏమని తిట్టాలె? ఐదుసార్లు విన్న భాగ్యా. పసుపు కొమ్మును ఎముక అనుకున్న. చెవి పక్కనే విరిస్తే తెల్వలే."

"బోర్ల పండుకున్నరు, నొప్పి మీదున్నరు..."

"రాజన్న నొప్పి మీద రాడా? కల్లంల రాత్రంత కావలి ఉండి, నిద్ర లేక వస్తడు. ఆయన ముంగట నేను కండ్లు మూసుకోని అంకె చెప్త. ఆయన నమ్ముతడు. గా అంకె గిట్లనే చెప్పిన్నా ఇన్నేండ్లు? నాకు ఏది వినబుద్ధయితే గదే విన్ననా?"

"మీ చెవి తప్పని నేనన్లే. నాకు మీరు లేసి నడుసుడు గావాలె. గంతే."

"లేపడానికి నీకు ఇంకేం దొర్కలే? కట్టె పట్టుకోని కొట్టినా లేస్తుంటి. పసుపే దొరికిందా?"

కాసేపు ఇద్దరూ నడిచారు.

"తొమ్మిది రోజులు గోడ దిక్కు పండుకున్నరు" అంది ఆమె. "నేను ఎన్ని చెప్పినా ఇటు తిరగలే. నా మాట ఇనలే, డాక్టర్ మాట ఇనలే, గా పిల్ల మాట ఇనలే. మీరు దేని మాట ఇంటరో గదే పట్టుకొచ్చిన."

ఆయన ఆగాడు. ఆమె వైపు చూడలేదు. కారు వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఆమె ముందు కూర్చుంది. నేను కారును ఆర్మూర్ వైపు తిప్పాను.

డాక్టర్ దవాఖాన ముందు ఆపమన్నాడు. పేషెంట్లను దాటుకుంటూ లోపలికి వెళ్లాడు, వెనకే నేను.

"మీకు గూడ ఎరుకేనా డాక్టర్ సాబ్?"

డాక్టర్ కంప్యూటర్ వైపు చూడలేదు ఈసారి. "ఎరుకే సేటు."

"బజార్ల నన్ను చూసి నవ్వుకున్నరా?"

"నవ్వుకోలే. సిగ్గయ్యింది. మొదటిరోజు నేనే ఇంకో పది నిమిషాలు కూసోని, మీ నడుము మీద చెయ్యేసి, ఎందుకు నడవాలెనో చెప్పి ఉంటే మీరు గంత దూరం పోకపోదురు. నేను చెప్పిందే గా పిల్ల చెప్పింది. కానీ ఆమె చెయ్యేసింది."

"చెయ్యేస్తే నమ్మిన్నా, సప్పుడుకు నమ్మిన్నా?"

డాక్టర్ ఆలోచించాడు. "నడిచిండ్రు. గంతవరకే నాకు తెలుసు. తగ్గింది గద సేటు?"

"తగ్గింది" అన్నాడు సేటు. "తగ్గకపోతే నాకు గింత కోపం రాకపోవు."

మర్నాడు రాజన్న ఆఖరి కుప్ప తెచ్చాడు. సేటు మూడు కొమ్ములు తీశాడు, కళ్లు మూశాడు, విరిచాడు. అంకె చెప్పలేదు. చేతిలో ముక్కలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తర్వాత పక్కకు కేకేసి శేఖర్ మిషన్ తెమ్మన్నాడు.

"మిషన్ ఎందుకు సేటు?" అన్నాడు రాజన్న.

"ఇయ్యాల దాంతోనే సూద్దాం."

"నేనేం తప్పు చేసిన? నీళ్లు జల్లి తెచ్చిననుకుంటున్నవా?"

"గట్ల గాదు రాజన్నా."

"మరెట్ల? ముప్పై ఏండ్లల్ల నా కొమ్మును మిషన్ల పెట్టలే నువ్వు. ఇయ్యాల పెడుతున్నవంటే నేను దొంగనన్నట్టే గద."

మిషన్ పది అంది. రాజన్న బస్తాలు అమ్ముకుని, సేటు ఇచ్చిన టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. దుకాణం మెట్ల మీద టిఫిన్ డబ్బా పట్టుకుని భాగ్యవతి ఇదంతా చూసింది. ఆమె మొహం అలా వాడిపోవడం నేను ముందెన్నడూ చూడలేదు. డబ్బా గడప లోపల పెట్టి, చెంగుతో నోరు మూసుకుని తిరిగి ఇంటికి నడిచింది.

తర్వాత వాళ్లింట్లో మాటలు అవసరానికి మాత్రమే నడిచాయి. అన్నం పెట్టనా, పెట్టు. నాతో అవీ లేవు. ఎదురింటి అరుగు మీద నేను కూర్చుంటే ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసేవాడు.

ఇప్పుడు నేను చేసిన పని ఒకటి చెప్పాలి. నాకు నోరు ఆగదు. టీ హోటల్లో శేఖర్ అడిగాడు, సేటుకు మిషన్ మీద ప్రేమ ఎందుకు పుట్టిందని. నేను చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆరు సార్లను పదహారు చేశాను, ఒక కొమ్మును సంచెడు చేశాను, లారీ ఆగడమే కాదు, డ్రైవరు దిగి వచ్చి టైరు పేలిందా అని చూసుకున్నాడన్నాను. హోటలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నలుగురు టీలు పోశారు. ఆ టీలు తాగుతున్నప్పుడు నాకు సేటు గుర్తుకు రాలేదు. ఇంటికి వచ్చి, మూసి ఉన్న ఆ తలుపు చూశాక గుర్తొచ్చాడు.

వారంలో ముప్కాల్ దాకా పోయింది కథ. ఒక పొద్దున రాజన్న, ఇంకో ఆరేడుగురు రైతులు సేటు దుకాణం ముందు నిలబడ్డారు. శేఖర్ కూడా వచ్చి గోడకు ఆనుకున్నాడు. నేను జరిగింది సరిదిద్దుదామని వెళ్లాను, నిజంగానే.

"సేటు" అన్నాడు రాజన్న, "ఒక మాట విన్న. డిచ్‌పల్లిల నీకు పసుపు కొమ్ములు విరిచి, నడుము సప్పుడని చెప్పిండ్రట. నువ్వు పదహారుసార్లు పోల్చుకోలేదట. నిజమేనా? నిజమైతే చెప్పు. నా మీద అనుమానంతోని మిషన్ పెట్టలేదని నాకు నిమ్మళమైతది. కానీ గిన్నేండ్లు నువ్వు చెప్పిన అంకె మీద పంట అమ్ముకున్నోన్ని. గది గూడ నాకు తెల్వాలె."

సేటు మొహంలో రక్తం లేదు. ఆయన ఏం చెబుతాడో అని అందరూ చూస్తుండగా, లోపలి గది నుంచి భాగ్యవతి వచ్చింది. ఆ రోజు లెక్కల పుస్తకం ఇవ్వడానికి వచ్చిందట.

"ఎవ్వలు చెప్పిండ్రు రాజన్నా?" అంది.

రాజన్న నా వైపు చూశాడు. అందరూ చూశారు.

"ఓ, మామనా?" అంది ఆమె. "గా మామ మొన్న తన కారు గుట్ట ఎక్కిందని గూడ చెప్పిండు. డిచ్‌పల్లి మేమెన్నడు పోలే."

ఎవరో ముందు కిసుక్కుమన్నారు, ఆ తర్వాత, సేటు మాట మీద డిచ్‌పల్లి పోయి వచ్చినవాళ్లతో సహా అందరూ నవ్వారు. నా మీద. ఆమె నవ్వలేదు. మొగుడి వైపు చూస్తూ నిలబడింది. ఆయన కూడా ఆమె వైపు చూశాడు. ఆ డిచ్‌పల్లి రోజు తర్వాత ఆమె మొహంలోకి ఆయన చూడడం అదే మొదటిసారి అనుకుంటాను.

నేను నోరు తెరిచాను. ఆరుసార్లేనని, పదహారు కాదని చెబుదామనుకున్నాను. నన్ను ఎవరు నమ్ముతారు? మూసుకున్నాను.

రాజన్న మాత్రం నవ్వలేదు. "నువ్వు చెప్పు సేటు" అన్నాడు.

సేటు గద్దె దిగి, కృప దగ్గరికి తానే పంపిన రాజన్న ఎదురుగా వచ్చి నిటారుగా నిలబడ్డాడు.

"నాకు నడుం నొప్పి ఎన్నడు రాలే రాజన్నా. కృప అంటే ఎవ్వలో నాకు తెల్వది. గీ మామ చెప్పిందాంట్ల ఒక్క ముక్క గూడ నిజం లేదు."